రెండు కమాన్ల ఉచ్చు

పల్నాటి ఎండకు పిడుగురాళ్ల దగ్గర సున్నపురాయి బట్టీ ఎక్కకుండానే ఉడికి పొడైపోయిందనీ, లారీవాళ్లు దాన్ని పారలతో ఎత్తుకుపోయారనీ ఒకరోజు మా ఊరి టీకొట్టులో చెప్పాను. ఎవరూ నమ్మలేదు. మా బావ మాత్రం గ్లాసు బల్లమీద పెట్టి, "ఊ. ఆ సున్నం రాసుకునే నేను ఆకేసుకుంది. నాలిక ఇంకా మండతంది" అన్నాడు. అంతే, కొట్లో సగంమంది నాలుక చూపించమని ఆయన మీదికి వంగారు.

కథ చెప్పేవాడు ఎంత మొనగాడైనా పక్కన ఊ కొట్టేవాడు లేకపోతే ఒంటెద్దు బండే. నాకు ఆ రెండో ఎద్దు మా అక్క మొగుడు. మా మిరపకాయ ఘాటుకు కృష్ణ అవతలి ఒడ్డున కోళ్లు తుమ్మాయని నేనంటే, ఆ తుమ్ములు విన్నవాడు ఆయన. మాచర్ల రైలుతో సమానంగా పరుగెత్తి లోపలివాడి బీడీకి అగ్గి ఇచ్చానంటే, ఆ అగ్గిపెట్టె ఆయనది. ఆయన ఊ కూడా మామూలుది కాదు. కొంచెం ఆలస్యంగా, పాత సంగతేదో గుర్తుకు తెచ్చుకుంటున్నట్టు ముక్కులోంచి వచ్చేది. అబద్ధానికి అంతకన్నా మంచి రాజముద్ర నేను ఇంతవరకూ చూడలేదు.

ఎనభైలలో మాకు దుర్గి దాటాక కొండవారగా వేరుశనగ చేను ఉండేది. పక్కచెక్కను మా నాన్న మా అక్కకు పసుపుకుంకుమల కింద రాసిచ్చాడు. కాబట్టి గట్టుకు ఇటు నేను, అటు బావ. ఆయనకు ఎద్దుల్లేవు. నా జతే రెండు చేలూ దున్నేది. పంట పనులు లేని నెలల్లో ఆయన పిడుగురాళ్లలో లారీలకు కమాన్లు, అంటే అడుగున బరువు మోసే స్ప్రింగు పట్టీలు, కట్టే షెడ్డులో పనిచేసి, వానలు పడగానే ఊరికి వచ్చేవాడు.

కాయ ఊరే వేళకు కొండమీది పందులు దిగేవి. అడవిపంది వేరుశనగను ఊరికే తిని పోదు, మూతితో సాలు వెంట సాలు తిరగేసుకుంటూ పోతుంది. తెల్లారి చూస్తే మనకన్నా బాగా దున్నినట్టు ఉంటుంది. డబ్బాలు కొట్టాం. మంచె వేశాం. చేను చుట్టూ పాతచీరలు కట్టాం. ఎవరో పేరంటానికి పిలిచారనుకున్నాయేమో, మర్నాడు పిల్లల్ని కూడా వెంటబెట్టుకొచ్చాయి. అప్పుడు బావ షెడ్డునుంచి విరిగిన కమాన్ పట్టీలు రెండు గోనెసంచిలో చుట్టుకొచ్చి, ఉచ్చు చేయిద్దామన్నాడు.

ఆ ఉచ్చు గురించి నేను చెప్పని అబద్ధం లేదు గానీ, అది పనిచేసే తీరు గురించి మాత్రం ఒక్కటీ కల్పించలేదు. కల్పించాల్సిన అవసరం రాలేదు. అడుగున అడ్డంగా నిలువుగా కలిపి బిగించిన రెండు ఇనుపపట్టీలు. వాటిమీద రెండు దవడలు, ఒక్కొక్కటి సగం గుమ్మడికాయ అంచులా వంచిన కడ్డీ. నేలమీద పడుకుని ఉంటే రెండూ కలిసి గుండ్రంగా కనిపిస్తాయి. లేచాయంటే చేతులు జోడించినట్టు కలుసుకుంటాయి. వాటిని లేపేది కమాను. లారీ బరువు మోసే ఆ పట్టీని మా కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చి, పట్టకారులా మడిచి, రెండు కొసలకూ కన్నాలు పొడిచాడు. కింది కన్నం అడుగుపట్టీకి బిగించి ఉంటుంది. పైకన్నంలోంచి రెండు దవడల మొదళ్లూ పైకి వస్తాయి. కమాను బుద్ధి ఎప్పుడూ విచ్చుకోవడం మీదే. విచ్చుకుందంటే ఆ పైకన్నం దవడల వెంట పైకి పాకి, సంచిమూతికి తాడు బిగించినట్టు రెండింటినీ దగ్గరికి నొక్కేస్తుంది. ఎక్కి తొక్కితే కన్నం కిందికి దిగి దవడలు నీరసంగా విడిపోతాయి. కాలు తీస్తే మళ్లీ లేస్తాయి.

కాలు తీసినా లేవకుండా పట్టి ఉంచేది ఒక సన్నటి ఇనుప నాలుక. అది ఒక దవడ మీదుగా వచ్చి, నడుమ ఉన్న అరచేతంత పళ్లెం అంచున గంటులో ఆగుతుంది. వేరుశనగ గింజంత గంటు. లారీని మోసిన కమాను బలమంతా దాని దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంటుంది. పళ్లెం మీద గిట్ట పడి అది రవ్వంత కుంగిందా, నాలుక జారిపోతుంది. తర్వాత ఎవరూ చేయగలిగిందేమీ ఉండదు.

మామూలు ఉచ్చుకు ఒక కమాను చాలు. మాదానికి కుడివైపొకటి, ఎడమవైపొకటి. మగపంది కాలు లాక్కోకుండా అని కమ్మరి అనుకున్నాడు. బావ లెక్క వేరు. ఒక కమాను తొక్కితే రెండోది దవడల్ని మూసే ఉంచుతుంది. రెండూ ఒకేసారి అణగాలి. అంటే చెరోవైపు ఒక మనిషి ఎక్కి నిలబడితేగాని ఆ ఉచ్చు నోరు తెరవదు.

"నేను లేకుండా నువ్వు పెట్టలేవు, నువ్వు లేకుండా నేను పెట్టలేను" అన్నాడు బావ. "పందికూర కాడ విడిపోయిన బావాబామ్మర్దుల్ని చానామందిని చూశాన్రా నేను."

నాకు కళ్లు చెమర్చినంత పనైంది. చుట్టరికాన్ని ఇనుముతో చేయించిన మనిషిని అంతకుముందు చూడలేదు.

ఉచ్చు పెట్టేవాడికి మా వైపు ఒక కట్టడి ఉండేది. ఇనుము పాతిన చోటికి అటూ ఇటూ జిల్లేడు కొమ్మలు తలకిందులుగా గుచ్చాలి, ఆకులు నేలకూ మొదలు ఆకాశానికీ. జిల్లేడును మేక కూడా ముట్టదు కాబట్టి కొమ్మ ఉన్నచోటే ఉంటుంది. గొర్రెలకాపరి దాన్ని దూరంనుంచే చూసి మందను తిప్పుకుంటాడు. సాయంత్రం పెట్టిన ఉచ్చును గొడ్లు బయటికి రాకముందే మూసేయాలి. కొమ్మ గుచ్చకుండా పెట్టిన ఉచ్చులో ఎవరి ఎద్దు పడినా, ఉచ్చు గలవాడి ఎద్దు ఆ పంట ఇంటికి చేరేదాకా అవతలివాడి కాడికింద నడవాలి. పందిని పట్టడమే నేరం కాబట్టి ఈ తగువులు ఠాణాకు పోయేవి కావు, ఊళ్లోనే తేలేవి.

అడవిగార్డు భయంతోనే బావ నా దగ్గర ఒక మాట తీసుకున్నాడు. "ఉచ్చు సంగతి చెప్పుకుంటే చెప్పుకో, నా పేరు మాత్రం ఎత్తమాకు. గార్డు షెడ్డుకొచ్చాడంటే నా పని పోద్ది" అన్నాడు. నేను ఎత్తలేదు. టీకొట్టులో ఆ ఉచ్చుకు తల్లీ తండ్రీ నేనే అయ్యాను. కమానుకు పదును పెట్టిందీ నేనే, గంటు కోసిందీ నేనే. అది మూసుకున్న చప్పుడుకు మాచర్లలో పడుకున్న గార్డు మంచంమీంచి పడ్డాడని చెప్పాను. ఒక ముసలిపంది వచ్చి, తలకిందుల జిల్లేడుకు దండం పెట్టుకుని, పిల్లల్ని పక్క ఊరి చేలోకి తోలుకుపోయిందని చెప్పాను. బావ పక్కనే కూచుని అన్నింటికీ ఊ కొట్టాడు. నిజంగా ఒక పంది పడింది కూడా. ఇద్దరం చెరో కమాను తొక్కి దాన్ని విడిపించాం, ఇద్దరిళ్లలోనూ వండుకున్నాం.

అటుపైన ఒకరోజు, మంచె కింద దాచిన ఉచ్చును బయటికి లాగితే, ఒక కమాను మీద కొత్తగా తళతళమనే గీతలు కనిపించాయి. రెండోదాని మీద లేవు. ఏంది బావా ఇవి అని అడిగాను. రాళ్లు గీసుకుని ఉంటాయన్నాడు. ఈసారి ఊ కొట్టింది నేను.

మిరపచేలల్లో కలుపు పోయేందుకు ఎద్దులతో దంతి తోలే రోజుల్లో కాలవకు నీళ్లొదిలారు. దిగువబాట బురదైపోయింది. మా వీధిలో వరసకు బాబాయి అయ్యే పెద్దాయన ఒకాయన పొద్దున్నే తన జతను కొండవారబాటన తోలుకొచ్చాడు. నేను మంచె దిగుతుండగా ఎద్దు రంకె వినపడింది. అది ఆకలి రంకె కాదు, బెదిరింపు రంకె కాదు. పరుగెత్తాను. అటువైపునుంచి బావ కూడా పరుగెత్తుకొచ్చాడు. బాబాయి జతలో ఎడమపక్క నడిచే దాపటెద్దు ముందరికాలు మా ఉచ్చులో ఉంది. మా చేలో కాదు, గట్టుకు అవతల, బావ చేను మొదట్లో, బాటకు అడ్డంగా. చుట్టూ ఎక్కడా ఒక్క జిల్లేడు కొమ్మ లేదు.

ఇద్దరం చెరో కమాను ఎక్కాం. దవడలు విడిపోయాయి. బాబాయి ఎద్దు కాలు పట్టి బయటికి తీశాడు. ఎద్దు నిలబడింది గానీ ఆ కాలు నేలకు ఆనించలేదు. మళ్లీ ఎప్పుడూ సరిగ్గా ఆనించలేదు.

ముందురోజు సాయంత్రం మేము ఉచ్చు పెట్టలేదు. మంచె కిందనుంచి దాన్ని ఎవరో లాక్కెళ్లి పెట్టారు. నేను ఊళ్లో అందరినీ తలుచుకున్నాను, ఒక్క బావను తప్ప. ఎందుకంటే దాన్ని పెట్టడానికి ఇద్దరు కావాలి, బావకు రెండోవాణ్ని నేనే.

సాయంత్రం ఊరిపెద్దలు సొసైటీ గోడౌను అరుగుమీద కూచున్నారు. తగువు చెప్పేది మా అందరికీ తాత వరసయ్యే ముసలాయన. ఉచ్చును తెచ్చి నడుమ పడేశారు. అది నాదేనా అని ఎవరూ అడగను కూడా లేదు, నెలలుగా నేనే చాటుకున్నాను గదా. నేను ధైర్యంగానే లేచాను. జన్మలో మొదటిసారి నా దగ్గర అబద్ధం కన్నా గట్టిది ఒకటి ఉంది. ఈ ఉచ్చును ఒక్కడు పెట్టలేడు, కావాలంటే ఎవరైనా ప్రయత్నించండి అన్నాను. ఇద్దరు కుర్రాళ్లు విడివిడిగా ప్రయత్నించి, చేతకాక నవ్వుకుంటూ దిగిపోయారు.

"అయితే నీ రెండోవాడు ఎవడ్రా?" అన్నాడు తాత.

ఇచ్చిన మాట గుర్తుంది. కానీ నా జతలో కుడిపక్క నడిచే వలపటి గిత్త అక్కడే, గోడౌను గుంజకు కట్టేసి ఉంది. తీర్పయ్యాక ఇంటికి పోయి తోలుకొచ్చే పని లేకుండా ఎవరో ముందే తెచ్చి కట్టారు. మా ఇంట్లో పుట్టిన దూడ అది. పాలు మరిచిన నాటినుంచి నా చేతి దాణా తప్ప ఎరగదు. నేను బావ వైపు తిరిగాను. "బావా, ఊ అను. ఇద్దరం లేకుండా అది పడదని చెప్పు. నిన్న మనం పెట్టలేదని చెప్పు."

ఆయన ఊ ఆలస్యంగా వస్తుందని నాకు తెలుసు. అందుకే కంగారుపడలేదు. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన ఉచ్చు వైపు చూశాడు. ఆలస్యం మామూలుకన్నా ఎక్కువైంది. అప్పుడు ఆయన లేచి, గోడకు ఆనించిన తన సైకిలు దగ్గరికి పోయి, సీటు కింది సంచిలోంచి ఒక ఇనుపముక్క తీసుకొచ్చాడు. లారీ కమాన్లో పట్టీలు చెదరకుండా పట్టి ఉంచే క్లిప్పు అది, దీర్ఘచతురస్రంలా వంచిన కడ్డీ. రెండుకాళ్లతో ఒక కమాను ఎక్కి అణగదొక్కాడు. వంగి, ఆ క్లిప్పును మడత వైపునుంచి కమానుమీదికి తొడిగి ముందుకు జరిపాడు. దిగాడు. కమాను లేవలేదు, అణగిమణిగి అట్లాగే ఉంది. నెమ్మదిగా రెండోవైపుకు నడిచి, దాన్ని తొక్కి, దవడలు విడిపోగానే వంగి నాలుకను గంటులో కూచోబెట్టాడు. క్లిప్పు జారలాగాడు. ఉచ్చు నోరు తెరుచుకుని నిలిచింది. పుల్లతో పళ్లెం తాకించాడు. గోడౌను రేకులు మోగాయి.

"ఒక్కడు పెట్టుకోవచ్చు తాతా" అన్నాడు నా వైపు చూడకుండా. "ఉచ్చు చేసినోడికి ఈమాత్రం తెలవకుండా ఉండుద్దా."

క్లిప్పు జరిగిన దారి నేను చూశాను. అది పాత తళతళల మీదే, ఒక్క వెంట్రుకవాసి పక్కకు పోకుండా జరిగింది. ఎన్నిసార్లు జరిగితే ఇనుము అంత నునుపు తేలుతుందో ఆలోచించాను. ఎన్ని సాయంత్రాలు నేను టీకొట్టులో ముసలిపందికి దండాలు పెట్టిస్తుంటే, ఊ కొట్టి లేచిపోయిన మనిషి చేలో ఒంటరిగా ఈ పని చేసుకున్నాడో. నేను లేకుండా నువ్వు పెట్టలేవు, నువ్వు లేకుండా నేను పెట్టలేను అన్నవాడి మాటలో మొదటి సగమే నిజం.

ఆ గీతలు చూడండి అన్నాను. ఈ క్లిప్పు ఇదివరకే ఈ కమాను ఎక్కింది, నా దగ్గర ఇట్లాంటిది లేదు, ఇట్లా పెట్టొచ్చని నాకు ఇప్పుడే తెలిసింది అన్నాను. ఇంకా చాలా చెప్పాను. నిజం చెప్పేటప్పుడు మనిషికి అంత తొందర పనికిరాదు, అబద్ధంలా వినిపిస్తుంది. వెనకనుంచి ఎవడో, ఇక క్లిప్పు కూడా జిల్లేడుకు దండం పెట్టుద్దేమోలే అన్నాడు. అరుగంతా నవ్వింది.

తాత నవ్వలేదు. "ఒరేయ్, చేసింది నేనే, పెట్టింది నేనే అని నెలల తరబడి నువ్వే చెప్పావు. మీ బావ అన్నింటికీ ఊ కొట్టాడు గాని, నేనూ ఉన్నానని ఒక్కనాడు అన్లేదు. ఇయ్యాల ఎద్దు ఇయ్యాల్సొచ్చేతలికి రెండోవాడు పుట్టాడా?"

బాబాయి గిత్తను విప్పుకున్నాడు. నేను వెనకే వీధి మలుపుదాకా పోయాను. ఆయన ఆగి, గొంతు తగ్గించి, "క్లిప్పు ఆడి సంచీలోదని నాకు కనపడలేదనుకున్నావా" అన్నాడు. మరి అక్కడ ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెబితే ఏమొచ్చుద్ది? ఆడికి ఎద్దుల్లేవు. నాకు మిరపచేలో దంతి ఆగకూడదు" అన్నాడు. గిత్త నా చొక్కా అంచు నోటితో పట్టి లాగింది, ఎప్పుడూ లాగినట్టే. విడిపించుకున్నాను.

మర్నాడు అక్క వచ్చింది. గడపలో నిలబడే అంతా చెప్పింది. పిడుగురాళ్ల క్వారీ మనుషులకు పంది ఇస్తానని బావ మాటిచ్చేశాడట. రెండుసార్లు ఇచ్చాడు కూడా. కొమ్మ గుచ్చితే ఊరికి తెలుస్తుంది, నాకూ తెలుస్తుంది, అందుకే గుచ్చలేదు. ఈసారి పెట్టి, పొద్దున్నే మూయబోతుండగా బాబాయి ఆ బాటన వచ్చాడు. ఆయన ఏనాడూ ఆ బాటన రాడు గదా అంది అక్క, తప్పు బాబాయిది అయినట్టు. అయితే ఆ మాట అరుగుమీదికొచ్చి చెప్పు అక్కా అన్నాను.

"ఊళ్లో మాటపోతే ఆయన తలెత్తుకోలేడ్రా" అంది. "నీకేముంది, నీ మాటకు పోయేదేముందని."

ఆమె చెడ్డగా అనలేదు. చిన్నప్పుడు నా జ్వరానికి తడిగుడ్డ వేసినప్పుడు ఏ గొంతుతో మాట్లాడిందో అదే గొంతు.

ఆ యేడు ఒంటెద్దుతో నేను చేసింది వ్యవసాయం కాదు. వేరుశనగ తవ్వడానికి అరువు ఎద్దు కోసం ఊరంతా తిరిగాను, దొరికేసరికి కాయ నేలలో గట్టిపడింది. పందులు దిగాయి. ఉచ్చు నా కొట్టంలోనే ఉంది. తొక్కడానికి రెండోవాడు లేడు. నేను క్లిప్పు సంపాదించుకోవచ్చు, పిడుగురాళ్లలో కావలసినన్ని దొరుకుతాయి. సంపాదించుకోలేదు. బాబాయి మిరపచేను పక్కనుంచి పోయేటప్పుడు గిత్త నా అడుగు పసిగట్టి తల తిప్పేది. ఒకటి రెండు నెలలయ్యాక తిప్పడం మానేసింది.

టీకొట్టుకు పోవడం మాత్రం మానలేదు, మానితే తప్పు చేసినట్టు ఉంటుంది. బావ కూడా వచ్చేవాడు, అవతలి బల్ల చివర కూచునేవాడు. ఎవరైనా కథ చెప్పమని అడిగితే గొంతు బాగాలేదనేవాణ్ని.

మిరపకాయలు కళ్లానికి చేరి, ఎండలు ముదిరి, తొలకరి పడ్డాక బాబాయి గిత్తను తెచ్చి మా కొట్టంలో కట్టిపోయాడు. ఒళ్లు తగ్గలేదు, బాగానే చూసుకున్నాడు. మర్నాడు చేలోకి తోలుకుపోయి కాడి ఎత్తాను. గిత్త నడిచొచ్చి దాపటివైపు నిలబడింది. అక్కడ నా రెండో ఎద్దు ఉండాలి. పగ్గం పట్టి ఇటు లాగితే వచ్చింది, వదిలితే మళ్లీ అటే పోయింది. పంట కాలమంతా బాబాయి కుంటెద్దు చోటున, దాపటివైపే నడిచింది గదా. దాని మెడకు తన చోటు ఏదో మరుపొచ్చింది.

గట్టు అవతల బావ నిలబడి చూస్తున్నాడు. నా జత ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్నాడో, వేరే ఏమైనా ఉందో తెలియదు. అరుగుమీద తీర్పు తర్వాత మేము మాట్లాడుకోలేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అది దాపటికి అలవాటు పడ్డట్టుందిరా" అన్నాడు.

మాట నిజమే. ఆయన చెప్పిన మాటకు అలవాటుకొద్దీ ఊ నా ముక్కుదాకా వచ్చింది. మింగేశాను. ఆయన ఇంకాసేపు నిలబడ్డాడు, నా ఊ కూడా ఆలస్యంగా వస్తుందేమోనని కాబోలు. నేను గిత్తను మళ్లీ లాగలేదు. రెండోదాన్నే వలపటికి తిప్పి కట్టి, మేడి పట్టుకుని, ఆయన గట్టుకు వీపు పెట్టి మొదటి సాలు దున్నుకుంటూ పోయాను.